శక్తికొలది పెండ్లి
(సంఘ వార్షిక మహాసభయందు విశ్రాంత సంస్కృతోపాధ్యాయు డొకరు చేసిన యుపన్యాసము)



విద్యార్థివేతనములను గూర్చియు, వసతిగృహ నిర్మాణమును గూర్చియు పెద్దలు ప్రసంగించిన పిమ్మట, నన్ను పెండ్లిఖర్చులను గూర్చి నాలుగు మాటలు చెప్పుమని కార్యదర్శిగా రాజ్ఞాపించిరి. ఆ గొప్ప విషయముల సరసన ఇది యొక చిన్న విషయమని కొందరికి తోచవచ్చును. నాకట్లు తోచుట లేదు. ఒక పిల్లవాని చదువునకు ఏటికి పదివేల రూపాయలు వేతనమిచ్చి, ఆ పిల్లవాని యక్క పెండ్లికి వాని తండ్రిచేత అయిదులక్షల యప్పు చేయించుచున్న సంఘము, కుడిచేత నిచ్చి యెడమచేత లాగికొనుచున్నదని నా యభిప్రాయము. లాగికొనునది యెక్కువ.

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దలందురు. ఆ సామెత పుట్టిననాడు అందలి భావము శ్రమను గూర్చినది. నేడు మనవారనేకులు కట్టిన యిల్లమ్మి పెండ్లి చేసి చూచుచున్నారు. ఇందు అతిశయోక్తి లేదు. నా పూర్వశిష్యుడొకడు కలడు. చిన్న దుకాణము, ఎకరమున్నర మాగాణి, ఇద్దరాడపిల్లలు. పెద్దపిల్ల పెండ్లికి నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీచొప్పున అయిదులక్షలు తెచ్చెను. నెలకు పదివేలు వడ్డీ. నాలుగేండ్లు తప్పక కట్టెను. అనగా నాలుగులక్షల యెనుబదివేలు చెల్లించెను. అసలు అయిదులక్షలును అట్లే యున్నది. అంతలో రెండవపిల్లకు సంబంధము కుదిరెను. భూమి పోయెను. అప్పు తీర్చుటకు కాదు, రెండవ పెండ్లికి! అతడు నాతో ననిన మాట నాకిప్పటికిని చెవిలో మ్రోగుచున్నది. “మాస్టారూ, పెద్దమ్మాయి పెండ్లికి ఎనిమిదివందల ఆకులు లేచినవండి. అందులో నేను ముఖమెరిగినవారు మూడువందలు గూడ లేరండి” అనెను. మరి యేల పిలిచితివి నాయనా యని యడిగితిని. “పెద్దయింటివారు వేయిమందిని పిలిచిరి గదండీ. మేము వందమందితో కానిచ్చినచో పిల్లలో ఏదియో లోపమున్నదని వియ్యాలవారు అనుకొందురని పిలిచితినండి” అనెను.

ఈ సమాధానములో రోగనిదానమంతయు నున్నది. బీదవాడు ఖర్చు చేయుచున్నది ఆశచేత కాదు, భయముచేత. ఆ భయమును కలిగించునది వాని యిల్లు కాదు, ఎదుటి పెద్దయిల్లు. ఈ మాటను మరల యెత్తుకొందును. అంతకు ముందు శాస్త్రమేమి కోరుచున్నదో, చట్టమేమి కోరుచున్నదో చూతము. ఏలయన, పెండ్లి తగ్గించుడనగానే మొదట వచ్చు ఆక్షేపణ, అయ్యో శాస్త్రము, అయ్యో ఆచారము అనునది.

ఆశ్వలాయన గృహ్యసూత్రమున వివాహప్రకరణము చదివినవారికి ఒక విషయము స్పష్టముగా తెలియును. దేశాచారములు, గ్రామాచారములు నానావిధములుగా నుండును, వానిని వివాహమున పాటింపవలయును, అన్నిచోట్ల సమానమైనదానిని మాత్రము మేము చెప్పుచున్నామని సూత్రకారుడు ముందుగానే చెప్పినాడు. ఆ సమానమైన దెంత? అగ్నిసాక్షిగా పాణిగ్రహణము, వధువుచేత రాతిని త్రొక్కించు అశ్మారోహణము, లాజహోమము, సప్తపది, రాత్రి ధ్రువారుంధతీ దర్శనము. దీనికి కావలసిన సామగ్రి యేది? కొంచెము నేయి, సమిధలు, దర్భలు, పిడికెడు పేలాలు, ఒక సన్నికల్లు, ఒక కలశమున నీరు. ఆకాశమునందలి నక్షత్రములకు అద్దె లేదు.

ఇక మన తెలుగువారి పెండ్లికి ప్రాణమైన జీలకర్ర బెల్లము, మంగళసూత్రధారణము, తలంబ్రాలు ఉన్నవి. గృహ్యసూత్రములలో తాళిబొట్టు ప్రసక్తి కానరాదు. అది దేశాచారము. అంతమాత్రమున దానిని తక్కువగా జూడరాదు, సూత్రకారుడే దేశాచారమును పాటింపుడని చెప్పెను గదా. ఆపస్తంబుడు ఇంకొక యడుగు ముందుకు వేసి, ఇట్టి యాచారములను స్త్రీలవలన తెలిసికొనవలయు ననెను. కావున ఆచారమేదో నిర్ణయించుటకు మన యిండ్లలోని ముసలమ్మలు ప్రమాణము. వారి నడిగి చూడుడు. జీలకర్ర, బెల్లము, పసుపుకొమ్ము, బియ్యము, రెండు పుస్తెలు, మధుపర్కములు, అడ్డుతెర, గంప అని చెప్పుదురు. విమానమువంటి యంత్రమును తలమీద త్రిప్పి ఛాయాచిత్రములు తీయుట యని యే ముసలమ్మయు చెప్పదు.

శాస్త్రము కోరునది చౌక. ఆచారము కోరునది చౌక. ఖరీదైనది ఈ రెంటిలోను లేదు. యాజ్ఞవల్క్యస్మృతిలో బ్రాహ్మవివాహ లక్షణము చెప్పుచు, వరుని పిలిచి, శక్తికొలది యలంకరింపబడిన కన్య నిచ్చుట యని యున్నది. ‘శక్తికొలది’ యనుమాటను ముప్పదియైదేండ్లు పిల్లలకు వ్యాకరణముగా చెప్పినవాడను. అది సమాసము మాత్రమే కాదు, కొలత గూడ. ఎవని శక్తి? ఇచ్చువాని శక్తి. పొరుగువాని శక్తి కాదు, వడ్డీవ్యాపారి శక్తి అంతకన్న కాదు.

ఆచారము మార్చుటకు మనకు అధికారమేమి యని యడుగువారికి ఒక మాట. మా తాతగారి పెండ్లి అయిదు దినములు జరిగెను. సదస్యము, నాగవల్లి మున్నగునవి వేరువేరు దినములలో సాగెడివి. తరువాత అది మూడు దినములయ్యెను. ఇపుడు రాత్రి పెండ్లి, తెల్లవారి అప్పగింతలు. నాగవల్లి యెప్పుడు జరిగినదో పెండ్లికొడుకునకే తెలియదు. అయిదు దినములను ఒక దినముగా మార్చినపుడు మన కులగౌరవమునకు లోటు రాలేదు గదా! అయితే దినములు తగ్గినను ఖర్చు తగ్గలేదు. అయిదు దినముల ఖర్చును ఒక్క రాత్రిలో కూర్చితిమి, అదియు చాలక ముందు రెండు దినములు క్రొత్తగా కల్పించితిమి. సంగీత్ అని యొకటి, హల్దీ అని యొకటి ఉత్తరదేశమునుండి దిగుమతి యైనవి. హల్దీ యనగా పసుపే గదా. మన నలుగుపాటలతో పెద్దముత్తైదువలు పసుపు పూసినచో ఖర్చు పది రూపాయలు. దానినే హల్దీ యని పేరు మార్చి, పచ్చని బట్టలు, పచ్చని తెరలు కట్టించినచో ఏబదివేలు. పేరు మార్చుటకు ఇంత రుసుము తీసికొను కార్యాలయము మరియొకటి లేదు.

చట్టమేమి కోరుచున్నది? 1955వ సంవత్సరపు హిందూ వివాహచట్టము ఏడవ సెక్షను ప్రకారము, వధూవరులలో నెవరి సంప్రదాయము ననుసరించియైనను పెండ్లి జరుపవచ్చును. సప్తపది గల సంప్రదాయములో ఏడవ యడుగు పడగానే వివాహము సంపూర్ణమగును. అతిథుల సంఖ్య అందు లేదు, మండపము లేదు. 2024 ఏప్రిలులో సుప్రీముకోర్టు ఒక తీర్పునందు రెండు మాటలు స్పష్టపరచినది. చేయవలసిన కర్మ చేయక ధ్రువపత్రము మాత్రము తెచ్చుకొన్నచో అది హిందూవివాహము కాజాలదు, మరియు పెండ్లి యనునది ఆటపాటలకును, విందువినోదములకును, కట్నకానుకల బేరములకును ఏర్పడిన సందర్భము కాదు. మన పురోహితులు చెప్పవలసిన మాటను న్యాయమూర్తులు చెప్పవలసి వచ్చినది!

కర్మకాండ వద్దనుకొను యువతీయువకులకు 1954వ సంవత్సరపు ప్రత్యేక వివాహచట్టము కలదు. వివాహాధికారికి ముందుగా నోటీసిచ్చి, ముప్పది దినముల గడువు పిమ్మట ముగ్గురు సాక్షుల యెదుట ప్రమాణము చేసి సంతకములు పెట్టినచో పెండ్లియగును. ఏ పద్ధతిలోనైనను వరునకు ఇరువదియొకటి, వధువునకు పదునెనిమిది యేండ్లు నిండవలయును. మన రాష్ట్రమున 2002లోనే వివాహముల నిర్బంధ నమోదునకు చట్టము వచ్చినది. అయిదులక్షలు ఖర్చుపెట్టి పెండ్లి చేసి, నమోదు చేయించుట మరచి, పాస్‌పోర్టునకు దరఖాస్తు పెట్టునాడు శుభలేఖను వెదకుకొను దంపతులను నేను చూచియున్నాను.

కట్నము సంగతి క్లుప్తముగా చెప్పెదను, తెలియనివారు లేరు గనుక. 1961 నుండి అది నేరము. ఇచ్చినవారికిని, పుచ్చుకొన్నవారికిని అయిదేండ్లకు తక్కువ కాని జైలు చట్టమున నున్నది. వధూవరులకు స్వచ్ఛందముగా నిచ్చు కానుకలకు పట్టిక వ్రాసి సంతకములు చేయవలయునని 1985లో నియమములు వచ్చినవి. ఆ పట్టిక వ్రాసిన పెండ్లి మన సంఘమున నాకొక్కటియు కానరాలేదు. వింత యేమనగా, ధనము పుచ్చుకొని కన్య నిచ్చుటను శాస్త్రములు ఆసురమని పేరుపెట్టి నిందించినవి. వరుని వెలకట్టి యమ్ముటకు ఎనిమిదివిధముల వివాహములలో ఎచ్చటను చోటు లేదు. స్మృతికారుల యూహకు గూడ అందని పనిని మనము చేయుచున్నాము.

గురజాడ అప్పారావుగారి కన్యాశుల్కము 1892లో ప్రదర్శింపబడి 1897లో అచ్చుపడినది. ఆ తొలికూర్పు పీఠికలో ఒక లెక్క కలదు. విజయనగర మహారాజుగారు విశాఖపట్టణ మండలమున బ్రాహ్మణకుటుంబములలో మూడేండ్లలో జరిగిన శుల్కవివాహముల జాబితా తీయింపగా 1,034 తేలినవట. నాటకముకంటె ముందు లెక్క పుట్టినదన్నమాట. లోకమున కందరికిని తెలిసిన దురాచారమే యైనను, అంకెగా కాగితముమీద పడినపుడు దాని ముఖము వేరుగా కనబడును. మన సంఘమున నేటివరకు అట్టి లెక్క లేదు. ఏటికి మనవారి పెండ్లిండ్లెన్ని, అందు అప్పుతో జరిగినవెన్ని, అమ్ముడుపోయిన భూమి యెంత? దీనికొక పుస్తకము తెరువవలయునని నా మొదటి ప్రతిపాదన. పేర్లక్కరలేదు, అంకెలు చాలును.

ఇపుడు కొంత యిబ్బందికరమైన సంగతి. చెప్పకుండ దాటరాదు గనుక చెప్పుచున్నాను. ఇంటిలో చెప్పక వెడలిపోయి పెండ్లి చేసికొను పిల్లలున్నారు. వారిలో కులాంతరమని భయపడి పోవువారు కొందరు. సంబంధము మంచిదే యైనను, తండ్రి యప్పులపాలగుట చూడలేక పోయిన పిల్లయు నాకు తెలియును. గాంధర్వవివాహము శాస్త్రములో లేనిది కాదు. ఆశ్రమమునకు తిరిగివచ్చిన కణ్వమహర్షి శకుంతలను నిందింపలేదు, ఆమోదించెను. ఆమెకు వచ్చిన కష్టము వేరు. దుష్యంతుడు నిండుసభలో నేనెరుగననునాటికి ఆమె పక్షమున ఒక్క మానవసాక్షి లేకపోయెను. భారతకథలో ఆకాశవాణి పలుకవలసి వచ్చెను. మన పిల్లలకు ఆకాశవాణి పలుకదు. రిజిస్ట్రారు పుస్తకములోని సాక్షుల సంతకములే వారికి ఆకాశవాణి. కావున పెండ్లి చిన్నదిగా నుండవచ్చును గాని రహస్యముగా నుండరాదని నేను యువజనులకు చెప్పుదును. పెద్దలకు చెప్పున దేమన, వయస్సు వచ్చిన యిద్దరు పెండ్లికి సమ్మతించినచో కుటుంబముయొక్కయో కులముయొక్కయో అనుమతి అవసరము లేదని సుప్రీముకోర్టు 2018లో నిర్ణయించినది. కులసభలో ఈ మాట కొందరికి రుచింపదని యెరుగుదును. తలుపు మూసిన తండ్రికి మనుమని ముఖము చూచు భాగ్యము ఆలస్యమగును, అంతకుమించి ఆ తలుపు సాధించునది లేదు.

ఇక చిన్న పెండ్లి ఎట్లు చేయవలయును? దీనిని గూర్చి కొంచెము విస్తరించెదను. చిన్నదనగానే పీనాసిదని మనవారనుకొందురు, అది సరికాదు.

మొదటి పని జాబితా. మండపము కుదిర్చి తరువాత దానిని నింపుటకు మనుష్యులను వెదకుట నేటి పద్ధతి. దీనిని తలక్రిందులు చేయవలయును. కర్మకు కావలసినవారెవరో ముందు వ్రాయుడు. కన్యాదానము చేయు దంపతులు. వరుని తల్లిదండ్రులు. వధువును గంపలో కూర్చుండబెట్టి తెచ్చు మేనమామ. లాజహోమమున చెల్లెలి దోసిట పేలాలు పోయు అన్నయో తమ్ముడో. బ్రహ్మముడి వేయువారు, హారతి నిచ్చు ముత్తైదువలు, ఆడబడుచులు, పురోహితుడు, సన్నాయి డోలు వాయించు ఇద్దరు. వీరిలో ఒక్కరు లేకున్నను పెండ్లి కుంటుపడును. వీరిని లెక్కించినచో ఇరువదియైదుమందికి మించరు. తరువాత పిన్నమ్మలు, పెత్తండ్రులు, మేనత్తలు, వారి పిల్లలు, వధూవరుల ప్రాణస్నేహితులు, ప్రక్కయింటివారు. మొత్తము అరువది. అరువదియొకటవ పేరు వ్రాయునపుడు ఒక్క ప్రశ్న వేసికొనుడు: ఈయన రానిచో పిల్ల కంట నీరు పెట్టునా? పెట్టదేని ఆ పేరు శుభవార్త తెలుపు ఉత్తరమునకు చాలును. నాలుగుమూలల పసుపు రాసిన కార్డుముక్క, “మీ యాశీస్సులు కోరుచున్నాము” అను ఒక పంక్తి. పెట్టెలో పెట్టి జీడిపప్పుతో పంపు శుభలేఖకన్న దీనిని జనులు ఎక్కువకాలము దాచుకొందురు.

రెండవది ముహూర్తము. మాఘ ఫాల్గుణములలోను, వైశాఖ జ్యేష్ఠములలోను గట్టి ముహూర్తమని పేరుపడిన నాలుగైదు దినములకే లోకమంతయు ఎగబడును. ఆ దినమున వంటవాడు దొరకడు, దొరికినచో వాని మాటయే వేదము. దైవజ్ఞుని పిలిచి, అయ్యా, వారము నడుమ నొక పగటి లగ్నము చూచిపెట్టుడని యడిగినచో తప్పక చూచిపెట్టును. పగటి లగ్నమువలన లాభమేమన, దీపాలంకారము లేదు, రాత్రి విడిది లేదు, రెండుపూటల విందులు లేవు. వృద్ధులు నిద్రతో తూలుచు అక్షతలు వేయు దురవస్థయు తప్పును.

మూడవది స్థలము. సొంత పెరడున్నవారికి తాటాకు పందిరి, మామిడితోరణములు. లేనివారికి దేవాలయము. తిరుమలకొండపై కల్యాణవేదికయందు దేవస్థానమువారు పురోహితుని, మంగళవాద్యమును ఉచితముగా నేర్పరచు పద్ధతి 2016లో ఆరంభించిరి. అచ్చట వయోధ్రువపత్రములు, తల్లిదండ్రుల సాన్నిధ్యము కోరుదురు. అన్నవరమున సత్యనారాయణస్వామి కొండమీద ముహూర్తదినములలో జరుగు పెండ్లిండ్లను చూచినవారెవరైనను దేవాలయపు పెండ్లిని చిన్నచూపు చూడరు.

నాలుగవది వంట. ఇచ్చట నేను కొంచెము పక్షపాతిని. అరటియాకులో పులిహోర, బూరె, ముద్దపప్పు, కందబచ్చలి, గుత్తివంకాయ, ముక్కలపులుసు, అప్పడము, వడియము, గడ్డపెరుగు, వీనిని వడ్డించి, “ఇంకొక బూరె వేయించుకొనుడు బావగారూ” అని బలవంతపెట్టువా డొకడుండిన, అది విందు. పళ్ళెము చేతబట్టి వరుసలో నిలిచి ముప్పది రకములు కొసరి, ఇరువది పారవేయుట విందు కాదు, తిరునాళ్ళ. ఆకు ఒక్కింటికి మూడువందల రూపాయలనుకొందము. ఎనిమిదివందల ఆకులకు రెండులక్షల నలుబదివేలు. అరువది ఆకులకు పదునెనిమిదివేలు. ఉదయపు ఫలాహారముతో గలిపి ఇరువదినాలుగువేలు. మిగిలిన లెక్క గూడ చెప్పుడని ముందు వరుసలో నొకరు సైగ చేయుచున్నారు. నా యంచనాలో పురోహితునకు, మేళమునకు గలిపి ఇరువదివేలు, పందిరికి పూలకు పదునైదువేలు, మధుపర్కములకు నూతనవస్త్రములకు ఇరువదివేలు, శుభలేఖలకు ఛాయాచిత్రములకు పండ్రెండువేలు, చిల్లరకు తొమ్మిదివేలు. మొత్తము ఒక లక్ష. మంగళసూత్రముల బంగారము దీనిలో చేర్చలేదు, దాని ధర నేను చెప్పునంతలో మారిపోవును. ఊరినిబట్టి ఈ యంకెలు అటునిటు జరుగును గాని, లక్షను అయిదులక్షలు చేయునది ఆకుల సంఖ్యయే.

ఈ లక్ష యనుమాట నూరక చెప్పలేదు. తెలంగాణములో ప్రభుత్వమువారు కల్యాణలక్ష్మి పేరిట 2014లో 51,000 రూపాయలతో ప్రారంభించిన సాయము 2018 నాటికి 1,00,116 రూపాయలైనది. అచ్చటి మన బంధువులు అనేకులు దానిని పొందిరి. పెండ్లి నాపాటి మొత్తములో ముగించి, ఆ సొమ్ము పిల్లపేర నిలువయుంచినవా రెందరో చేతులెత్తుడని ఒక సభలో నడిగితిని. చేతులు లేవలేదు.

అయిదవది వస్త్రములు. మధుపర్కములనగా ఎఱ్ఱయంచు గల తెల్లని నేతబట్టలు. తలంబ్రాలనాడు వానిని మించిన శోభ యేపట్టునకును లేదు. ఏబదివేల పట్టుచీర ఒక్కసారి కట్టి పెట్టెలో పడవేయుటకన్న, మన చేనేతవాని బట్ట నాలుగుసార్లు కట్టుట మేలు.

పొదుపు ఎక్కడ చేయరాదో గూడ చెప్పవలయును. సన్నాయివాని కూలిలో పొదుపు చేయరాదు. పురోహితుని సంభావనలో, వంటవాని కూలిలో, ఆకులెత్తువారి కూలిలో బేరమాడరాదు. తెరలు కట్టు కంపెనీకి రెండులక్షలు నోరెత్తక యిచ్చి, డోలువానివద్ద రెండువందలు తగ్గించుమని పట్టుబట్టు పెద్దమనుష్యులు మనలో నున్నారు. మేళము తగ్గించి ధ్వనియంత్రము పెట్టుట నాకు సమ్మతము కాదు. గట్టిమేళము లేని సూత్రధారణము చెవికి శూన్యముగా నుండును.

ఇదంతయు చెప్పుట తేలిక, నలుగురు నవ్వుదురని భయపడువానికి ధైర్యమెట్లు వచ్చునని యడుగుదురు. 2020 మే మాసమును జ్ఞప్తికి తెచ్చుకొనుడు. మహమ్మారి కాలమున పెండ్లికి ఏబదిమందికి మించరాదని కేంద్రప్రభుత్వము ఉత్తరువు చేసెను. ఆ వేసవిలో లక్షాధికారియు, కూలివాడును అదే యేబదిమందితో పెండ్లి చేసిరి. ఈ సభలోనే అట్లు పెండ్లి చేసినవారు పదిమందికి పైగా నున్నారు. ఆ దంపతులకు బిడ్డలు కలిగిరి, కాపురములు చక్కగా నున్నవి. ఆనాడు ఎవ్వరును నవ్వలేదు. ఏల? అందరును చిన్నపెండ్లియే చేసిరి గనుక. బీదవాడు ఒక్కడే చిన్నపెండ్లి చేసినపుడు అది లేమి యగును, ధనవంతుడును చేసినపుడు అది మర్యాద యగును. 2022 వచ్చుసరికి మరల వేయి ఆకులు లేచినవి. మొదట లేచిన దెవరి యింట? నా శిష్యుని యింట కాదు.

పోషకమహాశయులారా! ముందు చెప్పెదనన్న మాట ఇదియే. మీ దాతృత్వమును ఈ సభ యెరుగును. మీ పేరిట గదులున్నవి, వేతనములున్నవి. కాని మీ యింటి యొక్క పెండ్లి ఈ మండలమున నూరిండ్లకు కొలమానమగుచున్నది. మీరు వేయిమందికి పెట్టగలరు, మీ శక్తికది లోబడియే యున్నది. ఐనను మీ వెనుక వచ్చువాడు మీ శక్తిని చూచి తన యప్పును నిర్ణయించుకొనుచున్నాడు. బీదవారికి మితవ్యయము బోధించుటకు నన్ను మీరు పిలిపించితిరి. వారికి నేను బోధించినది చాలును, వారికి లెక్కలు నాకన్న బాగుగా వచ్చును. నేనడుగుచున్నది మీలో నొక్కరిని. రాబోవు మాఘములోగాని వైశాఖములోగాని మీ యింట జరుగు పెండ్లిని అరువదిమందితో, పగటిలగ్నమున, అరటియాకులలో చేయుడు. మిగిలిన ధనము మీరేమి చేసికొన్నను నాకు పట్టదు, వధూవరులకే యిచ్చుకొనుడు. ఆ యొక్క పెండ్లివలన కలుగు మేలు ఇరువది విద్యార్థివేతనములకు తక్కువ కాదు.

సంఘము చేయదగిన పనులు రెండు మూడున్నవి. మన సంఘ కల్యాణమండపమునకు నిండుదినపు అద్దె యొక్కటియే యున్నది. నూరుమందికి తక్కువైన పెండ్లికి పూటయద్దె, అదియు మూడవవంతు, ఏర్పరచవలయును. క్రింది చిన్నహాలును దీనికే కేటాయింపవచ్చును. పెండ్లిసామగ్రికి భాండాగారమొకటి పెట్టవలయును. గంగాళములు, గుండిగలు, బూరెలమూకుడు, పీటలు, అడ్డుతెర, హారతిపళ్ళెములు, దీపపుసెమ్మెలు సంఘముచేత నుండి, పూచీపత్రముమీద ఉచితముగా ఎరవిచ్చినచో బీదగృహస్థునకు కొంత బరువు తగ్గును. మొదట జెప్పిన లెక్కలపుస్తకమును యువజనశాఖవారు చేతబట్టి, వచ్చు మహాసభనాటికి అంకెలు చదివి వినిపింపవలయును. మా ఊరి విశ్రాంతోపాధ్యాయులు ముగ్గురు ఈ పనిలో సాయపడుదుమని మాట యిచ్చిరి.

భాండాగారమునకు నా వంతుగా మా తల్లిగారినాటి యిత్తడి గంగాళమొకటి, రెండు గుండిగలు, పండ్రెండు పనసకఱ్ఱ పీటలు ఇచ్చుచున్నాను. గంగాళమునకు కళాయి పెట్టింపవలయును. బండి పంపినచో సోమవారమునాడే యప్పగింతును. కార్యదర్శిగారు వ్రాసికొనగలరు.